పాత జబ్బు నీడలో కొత్త జబ్బు

దుబాయ్, అబూధాబిల్లో ఉండే మనలో చాలామందికి ఒక అలవాటుంది. ఒంట్లో ఏ తేడా వచ్చినా "సెలవులకి ఊరెళ్ళినప్పుడు చూపించుకుందాంలే" అనుకుంటాం. వంశపారంపర్య కండరాల జబ్బు ఉన్నవారికి ఈ వాయిదా మరీ ప్రమాదం.

పెద్దవాళ్ళలో ఎక్కువగా కనిపించే ఇలాంటి జబ్బుల్లో మయోటోనిక్ డిస్ట్రఫీ ఒకటి. పిడికిలి బిగిస్తే వేళ్ళు వెంటనే విడిపోవు. చిన్న వయసులోనే కంటిలో శుక్లాలు వస్తాయి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం 50 శాతం. దీని మొదటి రకానికి కారణమైన జన్యుదోషాన్ని 1992లో కనుగొన్నారు.

ఈ జబ్బున్నవారికి క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువేనని 2011లో వెలువడిన ఒక అధ్యయనం చూపించింది. స్వీడన్, డెన్మార్క్‌లలో 1,658 మంది రోగుల వివరాలు పరిశీలిస్తే 104 మందికి క్యాన్సర్ వచ్చింది. ఇది మామూలు జనంలో ఉండేదానికి దాదాపు రెట్టింపు. గర్భాశయం లోపొర, అండాశయం, మెదడు, పెద్దపేగు క్యాన్సర్లు ముఖ్యంగా ఎక్కువ. అయినా ఎక్కువమందికి రాలేదన్నదీ గుర్తుంచుకోవాలి.

అసలు చిక్కు ఎక్కడంటే, మలబద్ధకం, కడుపునొప్పి, నీరసం ఈ జబ్బులో మామూలే. కాబట్టి కొత్త లక్షణాన్ని కూడా పాత జబ్బు ఖాతాలోనే వేసేస్తాం. మలంలో రక్తం, విసర్జన అలవాట్లలో మార్పు, ముట్లుడిగాక రక్తస్రావం, తగ్గని కొత్త తలనొప్పి ఉంటే సెలవుల కోసం ఆగకండి.

దీనికి ప్రత్యేక పరీక్షలేమీ అక్కర్లేదు. అందరికీ చెప్పే పరీక్షలే వేళకు చేయించుకోవాలి. అబూధాబిలో 40 ఏళ్ళు నిండినవారికి పెద్దపేగు పరీక్ష, స్త్రీలకు మామోగ్రామ్ సూచిస్తారు. అయితే కొలనోస్కోపీకైనా, ఆపరేషన్‌కైనా ముందే మత్తు డాక్టరుకు జబ్బు సంగతి చెప్పాలి. మత్తుమందుతో వీరికి ఊపిరి, గుండె ఇబ్బందులు రావచ్చు.

ఇంట్లో ఎవరికైనా ఉందని అనుమానమా? హైదరాబాద్ నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది. "పిల్లల పెళ్ళిళ్ళకు అడ్డవుతుంది" అని దాచే కుటుంబాలు మనలో ఉన్నాయి. దాచినంత మాత్రాన జబ్బు పోదు, డాక్టరుకు దారి మాత్రం మూసుకుపోతుంది. ఈసారి ఊరికి ఫోన్ చేసినప్పుడు అమ్మానాన్నల్ని, మేనమామల్ని ఒక్క మాట అడిగి చూడండి.