చర్మవ్యాధి ఉన్న తల్లి బిడ్డకు పాలివ్వొచ్చా? ఎప్పుడు ఆపాలి?

సూరత్‌లోని ఉధ్నా, లింబాయత్ ప్రాంతాల్లో మరమగ్గాలను నమ్ముకుని తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. ఉక్కపోత, చెమట, ఇరుకు గదుల్లో అందరికీ కలిపి ఒకటే పక్క. ఇలాంటి చోట తామర, గజ్జి ఒకరి నుంచి మరొకరికి తేలిగ్గా అంటుకుంటాయి. ఇంట్లో బాలింతకు దురద మొదలైతే పెద్దవాళ్లు ముందుగా చెప్పే మాట 'పాలు మాన్పించండి' అనే.

చాలా సందర్భాల్లో ఆ అవసరం లేదు. తామర, గజ్జి తాకితే అంటుకుంటాయి తప్ప పాల ద్వారా రావు. సోరియాసిస్, ఎగ్జిమా, బొల్లి అసలు అంటువ్యాధులే కావు. కుష్ఠుకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందులు వాడుతూ కూడా పాలివ్వొచ్చు. వాటిలో ఒక మందు వల్ల బిడ్డ చర్మం కాస్త రంగు మారినా హాని ఉండదు.

అసలు ముప్పు క్రీముతోనే

మెడికల్ షాపులో 'తామర మందు' అని అడిగితే చాలాసార్లు చేతికొచ్చేది స్టెరాయిడ్ కలిసిన క్రీము. దురద రెండు రోజుల్లో తగ్గుతుంది కానీ తామర లోలోపల పాకి మొండిగా మారుతుంది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన తెచ్చింది. చనుమొన దగ్గర రాసిన క్రీము నేరుగా బిడ్డ నోట్లోకి వెళ్తుంది. అందుకే అక్కడ ఏది రాయాలన్నా డాక్టర్‌ను అడగాలి. పాలిచ్చే ముందు శుభ్రంగా కడిగేయాలి.

గజ్జికి సాధారణంగా 5 శాతం పెర్మెత్రిన్ క్రీము ఇస్తారు. పాలిచ్చే తల్లులు దీన్ని వాడొచ్చు. ఇంట్లో అందరూ ఒకే రోజు రాసుకోవాలి. వారం, పది రోజులకు మళ్లీ రాసుకోవాలి. పక్కబట్టలు వేడినీళ్లలో ఉతకాలి. రెండు నెలల లోపు శిశువుకు మాత్రం డాక్టర్ చెప్పకుండా రాయకూడదు. గామా బెంజీన్ హెక్సాక్లోరైడ్ అనే పాత లోషన్ బాలింతలు వాడకూడదు.

ఎప్పుడు ఆపాలి?

* రొమ్ముపై హెర్పిస్ పొక్కులు ఉంటే అవి మానేదాకా ఆ వైపు పాలివ్వకూడదు. పిండిన పాలు పొక్కులకు తగిలితే పారబోయాలి. రెండో వైపు పొక్కులు లేకపోతే ఇవ్వొచ్చు.
* కాన్పుకు ఐదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత వరకు తల్లికి ఆటలమ్మ పోస్తే శిశువుకు ప్రమాదం. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రొమ్ముపై పొక్కులు లేకపోతే పాలు పిండి వేరొకరితో పట్టించవచ్చు.
* సోరియాసిస్‌కు మెథోట్రెక్సేట్ మాత్రలు వాడుతూ పాలివ్వకూడదు. తామరకు మాత్రలు రాసినా, పాలిచ్చేవారికి పనికొస్తాయో లేదో అడగాలి.

సూరత్‌లో కార్పొరేషన్ నడిపే స్మిమేర్‌లోనూ, ప్రభుత్వ న్యూ సివిల్ ఆసుపత్రిలోనూ చర్మవ్యాధుల విభాగాలున్నాయి. డాక్టర్ దగ్గరైనా, మందుల షాపులోనైనా ముందుగా చెప్పాల్సింది 'బిడ్డకు పాలిస్తున్నాను' అని. ఆ ఒక్క మాటతో రాసే మందే మారిపోవచ్చు, పాలు ఆపాల్సిన పని తప్పిపోవచ్చు.