హెపటైటిస్‌లో ప్రొబయాటిక్స్: తోడ్పాటు ఎంతవరకు?

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిరప కోతలకు వెళ్లేవారు మజ్జిగ వెంట తీసుకువెళ్లడం మీరు చూసే ఉంటారు. పచ్చకామెర్లు వచ్చినప్పుడు కూడా చాలా ఇళ్లలో మజ్జిగన్నమే పెడతారు. ఇందువల్ల కాలేయానికి ఎంత మేలో పరిశీలిద్దాం.

తగినంత సంఖ్యలో తీసుకొన్నప్పుడు ఆరోగ్యానికి మేలుచేసే సజీవ సూక్ష్మజీవులను ప్రొబయాటిక్స్ అంటారు. ఉదాహరణకు, కొన్ని లాక్టోబాసిల్లస్ రకాలు. ఇంటి పెరుగులోనూ లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా ఉంటాయి. కాని వాటి రకం, సంఖ్య తోడును బట్టి మారతాయి. అందువల్ల పెరుగు మంచి ఆహారమే తప్ప మోతాదు తెలిసిన మందు కాదు.

పేగుల్లోని కొన్ని బాక్టీరియా అమ్మోనియాను తయారుచేస్తాయి. అది రక్తం ద్వారా కాలేయాన్ని చేరి అక్కడ యూరియాగా మారుతుంది. హెపటైటిస్ బి లేదా సి ముదిరి సిర్రోసిస్‌కు దారితీస్తే ఈ పని కుంటుపడుతుంది. అప్పుడు అమ్మోనియా మెదడును చేరి మగత, తికమక కలిగిస్తుంది. ప్రొబయాటిక్స్ దీన్ని కొంత తగ్గించవచ్చని అధ్యయనాలు సూచిస్తున్నాయి. అయితే ఆధారాలు ఇంకా బలంగా లేవు.

ప్రొబయాటిక్స్ వైరస్‌ను నిర్మూలించలేవని గుర్తుంచుకోండి. హెపటైటిస్ సి చాలామందిలో 12 వారాల మాత్రలతో నయమవుతుంది. బి రకాన్ని మందులతో అదుపులో ఉంచవచ్చు. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. పసరు మందుతోనో, మజ్జిగతోనో సరిపెట్టుకొంటే విలువైన సమయం చేజారుతుంది. హెపటైటిస్ ఎ, ఇ కలుషిత నీటి ద్వారా వ్యాపిస్తాయి కాబట్టి మజ్జిగలో కాచి చల్లార్చిన నీరే కలపాలి. కాలేయవ్యాధి ముదిరినవారు ప్రొబయాటిక్ గుళికలను వైద్యుల సలహాతోనే వాడాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: పెరుగును హెపటైటిస్‌కు మందుగా ఎందుకు పరిగణించరాదు?