విపత్తు వస్తే మొదటి మూడు రోజులు: ఇల్లు, ఆవు, విత్తనం కాపాడుకోవడం ఎట్లా?



పై వీడియోలో మా ఇంట్లో పెట్టుకున్న ఎమర్జెన్సీ సంచి, నీళ్ల డ్రమ్ము, విత్తన కుండలు చూపించాను. వీడియోలో అన్నీ చెప్పడం కుదరదు కాబట్టి కొలతలు, ఫోన్ నంబర్లు ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు రైతుల్ని మనసులో పెట్టుకుని రాసినా ఎవరికైనా పనికొస్తుంది.

మనకు ఇదంతా అవసరమా?

మనది మెట్ట ప్రాంతం, సముద్రం చాలా దూరం, మనకు కరువే తప్ప వరద రాదు అని చాలామంది అంటుంటారు. 2021 నవంబర్ గుర్తు తెచ్చుకోండి. వాయుగుండం వర్షాలకు నవంబర్ 19 తెల్లవారుజామున చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. రాజంపేట వైపు పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట లాంటి ఊళ్లు దెబ్బతిన్నాయి. మనుషులు పోయారు, పశువులు కొట్టుకుపోయాయి. ఆ చెయ్యేరులో కలిసే బాహుదా మన మదనపల్లె వైపు నుంచి పారేదే.

ఇంకో విషయం. రసాయన వ్యవసాయం చేసేవాళ్లకు వరద తర్వాత కూడా విత్తనం, ఎరువు అంగట్లో దొరుకుతాయి. మన ప్రకృతి వ్యవసాయంలో అంగడి మన ఇల్లే. ఆవు పోతే జీవామృతం లేదు. దేశీ విత్తనం తడిసిపోతే డబ్బులిచ్చినా మళ్లీ దొరక్కపోవచ్చు. అందుకే మనం మనుషులతో పాటు ఆవును, విత్తనాన్ని కూడా ఇంటి లెక్కలోనే వేసుకోవాలి.

1. నీళ్లు

మనకు నీళ్లంటే బోరు. కరెంటు పోతే బోరు లేదు. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్లు అనుకుంటే, ఐదుగురు ఉన్న ఇంటికి మూడు రోజులకు 60 లీటర్లు కావాలి. పెద్ద ఆవు ఒక్కటే రోజుకు 30 నుంచి 40 లీటర్లు తాగుతుంది. కాబట్టి మూత ఉన్న 200 లీటర్ల డ్రమ్ము ఒకటి విడిగా పెట్టుకోండి. జీవామృతం కలిపిన డ్రమ్మును ఎంత కడిగినా తాగే నీళ్లకు వాడొద్దు. వరద నీళ్లు చేరిన బావి, బోరు నీళ్లను క్లోరినేషన్ చేయించే దాకా తాగొద్దు. వేరే దారి లేకపోతే తేరుకున్న నీళ్లను వడకట్టి, బాగా తెర్లనిచ్చి తాగండి. ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి కొంచెం కొంచెం తాగించండి. స్పూను తల కొట్టి కొలవాలి.

2. తిండి

రాగులు, కొర్రలు, అనపగింజలు, ఉలవలు, బెల్లం, శెనక్కాయలు మన ఇళ్లల్లో ఎట్లాగూ ఉంటాయి. మూడు రోజులకు సరిపడా రాగిపిండి ముందే ఆడించి పెట్టుకోండి. కరెంటు లేకపోతే మిల్లు కూడా ఆడదు కదా! ఎండిన కట్టెలు కొన్ని తడవని చోట పెట్టండి.

3. ఆవు

పుంగనూరు ఆవుకు రోజుకు సుమారు 5 కేజీల మేత చాలు. పది రోజులకు 50 కేజీలు. పెద్ద ఆవుకు 8 నుంచి 10 కేజీలు కావాలి. శెనక్కాయ కట్టె, రాగిగడ్డి, ఉలవపొట్టు ఎత్తైన చోట, పైన పట్ట కప్పి నిల్వ చేయండి. వామిని ఇంటికి, కొట్టానికి ఆనుకుని వేయొద్దు. నిప్పు పడితే మూడూ పోతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట: నీళ్లు వస్తున్నాయంటే ముందు పలుపు విప్పేయండి. విప్పే టైము లేకపోతే కొడవలితో కోసేయండి. వదిలేసిన పశువు ఈది గట్టెక్కుతుంది, కట్టేసింది అక్కడే పోతుంది. ఆవు చెవిపోగు మీదుండే 12 అంకెల నంబరును, పక్కన మీరు నిలబడి ఉన్న ఫొటోను ఫోన్లో పెట్టుకోండి. నష్టపరిహారం అడిగేటప్పుడు ఉపయోగపడతాయి.

4. విత్తనం, ఘనజీవామృతం

ప్రతి దేశీ విత్తనం రెండిళ్లల్లో ఉండాలి. సగం మీ ఇంట్లో, సగం వేరే ఊళ్లో బంధువుల ఇంట్లో. బాగా ఎండబెట్టి, బూడిద కలిపి, మూత గట్టిగా పెట్టి అటక మీద ఉంచండి. కుండ మీద రకం పేరు, సంవత్సరం రాయండి. ఆరబెట్టిన ఘనజీవామృతం 6 నెలల దాకా నిల్వ ఉంటుంది. రెండు మూడు బస్తాలు ఎత్తులో ఉంటే, ఆవు కొన్నాళ్లు ఇబ్బంది పడినా పంట ఆగదు.

5. పిడుగు

ఉరుము వినిపిస్తే పని ఆపి ఇంట్లోకి రండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు బయటికి పోవద్దు. మామిడి, చింత చెట్ల కింద మీరు నిలబడొద్దు, ఆవును కట్టొద్దు. మోటారు స్టార్టర్, ఇనుప కంచె ముట్టుకోవద్దు. దామిని యాప్ పెట్టుకుంటే పిడుగు హెచ్చరిక ముందే వస్తుంది.

6. పాము

ఇది మనవాళ్లకు గట్టిగా చెప్పాలి. ఆచ్ఛాదన వేసిన చేలో ఎలుకలు చేరతాయి, వాటి కోసం పాములు వస్తాయి. రాత్రి నీళ్లు కట్టడానికి పోతే బూట్లు, టార్చి తప్పనిసరి. పాము కరిస్తే ఆకు పసరు, మంత్రం, కోయడం, గట్టిగా కట్టడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. కరిచిన కాలు చెయ్యి కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోండి. విషానికి విరుగుడు ఇంజెక్షన్ మాత్రమే. పంటకు కషాయం పనిచేసింది కదా అని మనిషి ప్రాణం మీద ప్రయోగం చేయొద్దు.

7. కుప్పం వైపు ఏనుగులు

కౌండిన్య అభయారణ్యం దగ్గరున్న ఊళ్లల్లో జీవామృతం కోసం తెచ్చిన బెల్లం, ధాన్యం వాసనకు ఏనుగులు ఇంటిదాకా రావచ్చు. వాసన బయటికి రాకుండా మూత ఉన్న డబ్బాలో పెట్టండి. రాత్రి శబ్దం వస్తే చూడ్డానికి బయటికి పోవద్దు, అటవీ శాఖ వాళ్లకు చెప్పండి.

8. కాగితాలు, నంబర్లు

ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఈ-క్రాప్ వివరాలు జిరాక్స్ తీసి ప్లాస్టిక్ కవర్లో వేసి సంచిలో పెట్టండి. వాటితో పాటు టార్చి, పవర్ బ్యాంకు, బీపీ, షుగర్ మాత్రలు వారానికి సరిపడా, కొంచెం చిల్లర డబ్బులు. పంటల బీమా ఉన్నవాళ్లు వడగళ్లు, ముంపు లాంటి స్థానిక నష్టాన్ని 72 గంటల్లోపు తెలియజేయాలి.

ఈ నంబర్లు గోడ మీద రాయండి: అత్యవసరం 112, అంబులెన్స్ 108, ఫైర్ 101, కరెంటు 1912, పశువుల అంబులెన్స్ 1962.

మనకు రెండు వానాకాలాలు. కాబట్టి మే చివర్లో ఒకసారి, అక్టోబర్ మొదట్లో ఒకసారి సంచి విప్పి చూసుకోండి. పాత మాత్రలు తీసేయండి, నీళ్లు మార్చండి, విత్తనానికి పురుగు పట్టిందేమో చూడండి. ఆవు పలుపు ఎవరు విప్పాలి, ముసలివాళ్లను ఎవరు పట్టుకోవాలి, సంచి ఎవరు తీసుకోవాలి అన్నది ఇంట్లో అందరూ కూర్చుని ఆరోజే మాట్లాడుకోండి. పిల్లలకు కూడా ఒక పని అప్పజెప్పండి, వాళ్లు మనకన్నా బాగా గుర్తుపెట్టుకుంటారు.