ఇంటి ముద్రణలో అచ్చు ఏల తప్పును?

సంక్రాంతికో, ఉగాదికో స్నేహితులకు పంపుటకై శుభాకాంక్షల కార్డులను ఇంటివద్దనే ముద్రించుకొనుట నేడు సులభమైనది. ఒక కంప్యూటరు, ఒక చిన్న ప్రింటరు, కొన్ని దళసరి కాగితములు ఉన్నచో చాలును. అయితే తెరపై సరిగా మధ్యనున్న మామిడి తోరణము కాగితముపై ఒక ప్రక్కకు జరుగును. మడత అక్షరముల మీదుగా పోవును. బొమ్మ చుట్టునున్న చట్రము ఒక అంచున వెడల్పుగను, ఎదుటి అంచున సన్నముగను కనిపించును. అప్పుడు చాలమంది బొమ్మను అందాజుగా కొంచెము ఇటు, కొంచెము అటు జరిపి మరల అచ్చు వేయుదురు. నాలుగైదు కాగితములు చెడును. దోషము మాత్రము పోదు. పాఠశాలలో తరగతి అంతయు కలిసి కార్డులు చేయునప్పుడు ఈ నష్టము చిన్నది కాదు.

తప్పు ఏ దిక్కున, ఎంత, ఏ తీరున వచ్చినదో ముందుగా కొలిచినచో దాని కారణము చాలవరకు దానంతట అదే తెలియును.

ఈ చిక్కు క్రొత్తది కాదు. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో నెలకొల్పిన శిలాముద్రణాలయమువంటి చోట్ల, ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాతిని సిద్ధపరచి, ఒకే కాగితమును పలుమార్లు అచ్చున కెక్కించెడివారు. ఒక్క రాయి తప్పినను పెదవుల ఎరుపు చెక్కిలిమీదికి పోవును. అందుచేత వర్ణముద్రణమున కాగితపు అంచులందు చిన్న గుర్తులుంచి, ప్రతి రంగు గుర్తును మొదటి గుర్తుపై సరిగా పడునట్లు చూచుకొందురు. ఇంటి ముద్రణకు కూడ ఈ ఉపాయమే శరణ్యము.

పరీక్షా పత్రము

సాధారణముగా వాడు ఏ-4 కాగితము 210 మి.మీ. వెడల్పు, 297 మి.మీ. పొడవు కలది. పొడవును సగమునకు మడిచినచో కార్డు ఏర్పడును, మడత 148.5 మి.మీ. వద్ద పడవలెను. కంప్యూటరులో ఇట్టి పుటను తీసికొని, నాలుగు మూలలందు ప్రతి అంచునుండి 20 మి.మీ. లోపల ఒక్కొక్క కూడిక గుర్తును గీయవలెను. అడ్డముగా గుర్తుల మధ్య దూరము 170 మి.మీ., నిలువుగా 257 మి.మీ. ఉండును. మడత చోట ఒక సన్నని గీత గీయవలెను. దీనిని ముద్రించి స్కేలుతో కొలిచినచో మూడు విధములగు తప్పులు బయటపడును.

మూడు తప్పులు

మొదటిది పరిమాణపు తప్పు. గుర్తుల మధ్య దూరము 257 మి.మీ. ఉండుటకు బదులు 249 మి.మీ. ఉన్నదనుకొందము. అనగా బొమ్మ సుమారు 97 శాతమునకు కుదించుకొన్నది. చాల ప్రింటర్లు కాగితపు చివరి అంచు వరకు అచ్చువేయజాలవు. అందువలన ‘ఫిట్ టు పేజ్’ అను ఏర్పాటు పుటను కొంచెము చిన్నది చేసి, అచ్చు పడగల చోటులో ఇముడ్చును. దానికి మారుగా ‘యాక్చువల్ సైజ్’ లేక 100 శాతము అను ఏర్పాటును ఎన్నుకొనవలెను. కాగితపు పేరును గూడ చూడవలెను. అమెరికాలో వాడు లెటర్ కాగితము పొడవు 279.4 మి.మీ.; దాని సగము 139.7 మి.మీ. పుట ఆ కొలతలో నుండి, పెట్టెలో ఏ-4 కాగితము ఉన్నచో, పై అంచునుండి లెక్కించిన మడత గీత 8.8 మి.మీ. తప్పిపోవును.

రెండవది వాలు. ఒక ప్రక్క గుర్తులు పైకి, మరొక ప్రక్కవి క్రిందికి పోయినచో కాగితము ఏటవాలుగా లోనికి పోయినదని అర్థము. ఒక్క డిగ్రీ వాలినను 210 మి.మీ. వెడల్పులో 3.7 మి.మీ. తేడా వచ్చును. ఇది కంప్యూటరులో సరిచేయదగినది కాదు. కాగితపు ఇరుప్రక్కల నుండు అడ్డుపలకలను అంచులకు తాకునట్లు, కాని కాగితము వంగకుండునట్లు, జరుపవలెను. రోలర్లపై పేరుకొన్న కాగితపు దుమ్మును తుడువవలెను.

మూడవది జరుగుబాటు. గుర్తులన్నియు ఒకే దిక్కునకు, ఒకే దూరము జరిగియుండును. ఐదు కాగితములు వరుసగా ముద్రించి కొలువవలెను. అన్నిటియందును 3 మి.మీ. తప్పే ఉన్నచో, బొమ్మను ఎదురు దిక్కునకు 3 మి.మీ. జరిపిన చాలును. ఒకదానిలో 1, వేరొకదానిలో 4, మరొకదానిలో 2 మి.మీ. ఉన్నచో జరుపుటవలన లాభము లేదు, కాగితము జారుచున్నది. స్థిరమైన తప్పును లెక్కతో దిద్దవచ్చును. అస్థిరమైన దానిని యంత్రమునందే దిద్దవలెను. ప్రయోగశాలలో కొలతల దోషములను గూర్చి విద్యార్థులు నేర్చుకొను పాఠమే ఇది.

ఈ మూడును ఇదే క్రమమున దిద్దవలెను. పరిమాణము మారినచో గుర్తుల చోట్లు మారును. వాలు ఉన్నంతవరకు జరుగుబాటు ఎంతో నిలుకడగా తెలియదు.

రెండవ వైపు

కార్డునకు రెండు వైపుల అచ్చు వేయునప్పుడు తప్పు రెట్టింపుగా కనిపించును. ముందు వైపున బొమ్మ 3 మి.మీ. కుడికి జరిగినదనుకొందము. కాగితమును పుస్తకపు పుటవలె త్రిప్పి, అదే పై అంచును ముందుగా లోనికి పంపినచో, రెండవ బొమ్మయు 3 మి.మీ. కుడికే జరుగును. కాని వెనుకవైపు కుడి, ముందువైపునకు ఎడమ! కాగితమును దీపమునకెదురుగా పట్టి చూచినచో రెండు గుర్తుల నడుమ 6 మి.మీ. ఎడము ఉండును. ఒకే వైపును 6 మి.మీ. జరిపినచో గుర్తులు కలియును గాని రెండు బొమ్మలును మధ్యనుండి తప్పియే యుండును. రెండు పుటలను చెరి 3 మి.మీ. ఎడమకు జరుపుటయే సరియైన మార్గము.

పైకి, క్రిందికి కలుగు జరుగుబాటు ఈ దీపపు పరీక్షలో కనబడదు. రెండు వైపులను అది ఒకే అంచువైపు పోవును. అందుచే స్కేలుతో కొలుచుట మానరాదు.

కాగితపు స్వభావము

కాగితములోని నార తేమను పీల్చినపుడు పొడవునకంటె అడ్డముగా చాల ఎక్కువ ఉబ్బును. సిరాతో ఒకవైపు తడిసిన కాగితము వంకర తిరుగుటకు ఇదియే కారణము. అది పూర్తిగా ఆరిన పిదపనే రెండవ వైపు ముద్రింపవలెను. లేజర్ ప్రింటరులో ఇందుకు విరుద్ధముగా, వేడికి తేమ పోయి కాగితము రవంత కుదించుకొనును. దళసరి కాగితములను ఎక్కువ వంపులేని దారిన, కొద్దికొద్దిగా పంపుట మేలు. తొలి పరీక్షలు చవుక కాగితముపై చేసినను, చివరి పరీక్ష కార్డు కాగితముపైననే చేయవలెను. దళసరి కాగితము రోలర్లలో వేరు విధముగా నడచును.

ఈ విధముగా రెండు మూడు పరీక్షా పత్రములు ఖర్చుచేసినచో మిగిలిన కట్ట అంతయు దక్కును. దిద్దిన కొలతలను ఒక చీటిపై వ్రాసి ప్రింటరు ప్రక్కన ఉంచుకొన్నచో, మరుసటి పండుగకు పని మరింత తేలిక యగును.