నాలుగు గీతలలో జింక

బేతంచెర్ల పరిసరములలో రాయి అనగానే అందరికీ ముందుగా నాపరాతి గనులే స్ఫురించును. కాని ఈ ప్రాంతపు రాళ్ళలో జంతువులు కూడ ఉన్నవి. ఊరికి చేరువలోని బిల్లసర్గం గుహలను 1884-85లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ త్రవ్వించి ఎముకలను వెలికితీసిరి. వానిలో ఒక ఖడ్గమృగమునకు లిడెక్కర్ పండితుడు మన కర్నూలు పేరు చేర్చి నామకరణము చేసెను. ఈ మాట చెప్పినప్పుడు మా తరగతిలో నమ్మినవారికంటె నవ్వినవారే ఎక్కువ.

ఎముక కలిగింపలేని చనువును బొమ్మ కలిగించును. కేతవరం కొండలలో, జుర్రేరు లోయలోని రాతి పంచలలో ప్రాచీన మానవులు గీసిన చిత్రములున్నవి. జేగురు రంగుతో వీపునకొక వంపు, కాళ్ళకు కొన్ని గీతలు, తలపై కొమ్ములు, అంతే. అది జింకయని పసివాడైనను చెప్పగలడు. ఏది వదలవలెనో తెలియుటకు జింకను ఎంతకాలము చూచి యుండవలెనో! (ఆ బండలపై తమ పేర్లు చెక్కువారు మాత్రము దేనిని చూచుటకు వత్తురో మాకు బోధపడదు.)

పికాసో 1945-46లో ఒక ఎద్దును పదునొకండు దశలలో గీసి, కండలన్నియు తీసివేసి, చివరకు కొద్ది రేఖలు మిగిల్చెను. అమెరికా చిత్రకారుడు చార్లీ హార్పర్ (1922–2007) పక్షి ఈకలను లెక్కింపక రెక్కలనే లెక్కించుట తన పద్ధతి అనెను. ఆయన పక్షులను చూచినవారికి ముందు నవ్వు వచ్చును, పిదప పక్షి పేరు తెలిసికొన బుద్ధి పుట్టును. మన ముంగిట ముగ్గులోని నెమలియు ఈ కోవలోనిదే. ఖుష్‌నవీసులు అక్షరములనే పక్షిగా మలచుదురని మా ఉర్దూ మిత్రులు గుర్తు చేసిరి.

మేమును ఒక ప్రయత్నము చేసితిమి. బట్టమేక పిట్ట కొరకు 1988లో రోళ్ళపాడు అభయారణ్యము ఏర్పడెను. నేడు అక్కడ ఆ పక్షి దాదాపు కనుమరుగైనది. పొడవైన తెల్లని మెడ, నెత్తిన నల్లని టోపీ, గోధుమ రంగు వీపు: మూడు గీతలలో ముగిసినదనుకొని దానిని చెట్టుకొమ్మపై కూర్చుండబెట్టితిమి. చూచిన పెద్దలొకరు నవ్విరి. ఆ పక్షికి వెనుక వ్రేలు లేదు, కొమ్మను పట్టుకొనజాలదు. నేలపైననే నడచును, నేలపైననే గ్రుడ్డు పెట్టును.

కొమ్మను చెరిపి గడ్డి గీసితిమి. గీయుచుండగా ఒక మిత్రుడు తమ ఊరి గడ్డిబీడు ఎప్పుడు చేనుగా మారినదో జ్ఞాపకము చేసికొనసాగెను.