కొత్త వీడియో గేమ్ – మేలెంత? లోటెంత?

వీడియో గేమ్ అనగానే మన పూర్వ విద్యార్థులలో చాలామందికి 1990లలో బజారులో అమ్మిన టీవీ గేమ్ గుర్తుకు వస్తుంది. క్యాసెట్ పెట్టి, టీవీకి వైరు తగిలించి, మీసాల మారియో చేత గోడలు దూకించిన రోజులవి. అలాంటి పెట్టెల్లో చాలావరకు జపాన్‌కు చెందిన నింటెండో కంపెనీ 1983లో తెచ్చిన ఫ్యామికామ్‌కు నకళ్ళే. 1889లో క్యోటో నగరంలో పేకముక్కల తయారీతో మొదలైన ఆ కంపెనీయే 2025 జూన్ 5న ‘నింటెండో స్విచ్ 2’ను విడుదల చేసింది. మొదటి నాలుగు రోజుల్లోనే 35 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. ఫోన్లలో వీడియోలు చూసి మన తమ్ముళ్ళు కూడా దీని గురించే మాట్లాడుకుంటున్నారు. ఇందులోని గుణదోషాలేమిటో చూద్దాం.

అసలు ఇదేమిటి?

కన్సోల్ అంటే ఆటల కోసమే తయారు చేసిన కంప్యూటర్. స్విచ్ ప్రత్యేకత ఏమిటంటే, అది రెండు విధాలుగా పనిచేస్తుంది. డాక్ అనే స్టాండులో పెడితే టీవీలో ఆడుకోవచ్చు. బయటకు తీస్తే దానికున్న సొంత తెర మీదే ఆడుకోవచ్చు. రెండు పక్కలా జాయ్‌కాన్ అనే చిన్న కంట్రోలర్లు ఉంటాయి. 2017 మార్చిలో వచ్చిన మొదటి స్విచ్ 15 కోట్లకు పైగా అమ్ముడైంది. ఇప్పుడు వచ్చింది దాని తమ్ముడన్నమాట.

మేలు

మొదటి స్విచ్ తెర 6.2 అంగుళాలు, దీనిది 7.9 అంగుళాలు. బొమ్మ స్పష్టత 720పి నుండి 1080పికి పెరిగింది. డాక్‌లో పెడితే ఆటను బట్టి 4కె టీవీలో 4కె స్పష్టతతో కూడా చూపిస్తుంది. ఆటలు దాచుకునే చోటు 32 జీబీ నుండి 256 జీబీ అయింది. జాయ్‌కాన్లు ఇప్పుడు అయస్కాంతంతో అంటుకుంటాయి. వాటిని బల్ల మీద పక్కకు నిలబెట్టి కంప్యూటర్ మౌస్‌లాగా కూడా వాడవచ్చు.

పాత స్విచ్ ఆటలలో ఎక్కువ భాగం ఇందులోనూ నడుస్తాయి. పాత వస్తువు కొన్నవాడి డబ్బు వృథా కాకుండా చూడడం మెచ్చుకోదగ్గ విషయం.

అన్నింటికన్నా మంచి గుణం కలిసి ఆడుకునే వీలు. ‘మారియో కార్ట్ వరల్డ్’ అనే కార్ల పందెం ఆటను ఒకే టీవీ మీద నలుగురు ఆడవచ్చు. కొన్ని ఆటలనైతే ఒక్కరి దగ్గర ఉంటే చాలు, పక్కన స్విచ్ ఉన్న మిత్రులకు పంచి ఆడించవచ్చు. పిల్లలున్న ఇళ్ళలో రోజుకు ఇంతసేపే ఆడాలని తల్లిదండ్రులు హద్దు పెట్టుకునే ఏర్పాటూ ఉంది.

లోటు

మొదటి లోటు ధర. అమెరికాలో విడుదల ధర దాదాపు 450 డాలర్లు. అప్పటి మారకం ప్రకారం సుమారు 38 వేల రూపాయలు. ఖర్చు అక్కడితో ఆగదు. ‘మారియో కార్ట్ వరల్డ్’ ఒక్కటే విడిగా కొంటే 80 డాలర్లు, అంటే 7 వేల రూపాయలకు దగ్గర. పెట్టె కొనడం ఒకసారే, ఆటలు కొనడం మాత్రం ఎప్పటికీ ఉంటుంది.

రెండవది బ్యాటరీ. కంపెనీ లెక్క ప్రకారమే ఆటను బట్టి 2 గంటల నుండి 6.5 గంటల వరకు వస్తుంది. పెద్ద ఆట పెడితే రెండు గంటలకే మళ్ళీ ఛార్జింగ్ వెతుక్కోవాలి.

మూడవది తెర. 2021లో వచ్చిన ఓఎల్‌ఈడీ స్విచ్‌లో నలుపు చిక్కగా కనిపించేది. కొత్తదానిలో మళ్ళీ ఎల్‌సీడీ తెర వాడారు. సైజు పెరిగింది గానీ ఆ చిక్కదనం పోయింది.

నాల్గవది మెమరీ కార్డు. మన ఫోన్లలో వాడే మామూలు మైక్రో ఎస్‌డీ కార్డులో స్విచ్ 2 ఆటలు దాచుకోలేము. మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అనే ఖరీదైన రకమే కొనాలి. పైగా కొన్ని ఆటల కార్డుల్లో ఆట ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది. ఆటనంతా ఇంటర్నెట్ నుండి దించుకోవాలి.

ఐదవది మరమ్మతు. మొదటి స్విచ్‌లో ముట్టుకోకుండానే కంట్రోలర్ పుల్ల తనంతట తాను కదిలినట్టు ఆట పక్కకు పోయేది. దీని మీద చాలా ఫిర్యాదులు వచ్చాయి. ఆ బాధ లేని అయస్కాంత పద్ధతి పుల్లలు కొత్తదానిలో కూడా పెట్టలేదు. బ్యాటరీని జిగురుతో అంటించారు. వస్తువులను విప్పి పరీక్షించే ఐఫిక్సిట్ సంస్థ, మరమ్మతు సౌలభ్యానికి 10కి 3 మార్కులే వేసింది.

మన హాస్టల్‌కు పనికొస్తుందా?

పూర్వ విద్యార్థుల మాటల్లో ఒక అన్న దీన్ని హాస్టల్‌కు కానుకగా ఇద్దామన్నారు. ఆయన ప్రేమను కాదనలేము. తమ్ముళ్ళకు ఆట మీద ఉన్న ఆశా తప్పు కాదు. హాస్టల్ పిల్లలకు చదువు, భోజనం చాలు, సరదా ఎందుకు అనేవారి మాటను మేము ఒప్పుకోము. అయినా లెక్క వేసి చూడాలి.

కన్సోల్, ఒక ఆట కలిపితేనే 45 వేల రూపాయలు దాటుతుంది. మన తల్లిదండ్రులలో ఎందరికో అది నెలల తరబడి చేసే కూలి. విడుదలైనప్పుడు అధికారికంగా అమ్మిన దేశాల్లో మన దేశం లేదు. బయటి నుండి తెప్పించినదానికి రిపేరు వస్తే ఎవరి దగ్గరకు వెళ్ళాలి? జీబీల కొద్దీ ఆటలు దించుకోవడానికి నెట్ ఎక్కడిది? ఒకేసారి నలుగురు ఆడితే మిగతావాళ్ళు వెనుక నిలబడి చూడాలి. ఆ నలుగురు ఎప్పుడూ పెద్ద తరగతివాళ్ళే అవుతారని చిన్నవాళ్ళకు తెలుసు!

కాబట్టి మా అభిప్రాయం ఇది. ఉద్యోగం చేస్తూ, ఇంట్లో మంచి టీవీ, నెట్ ఉన్న అన్నలకు స్విచ్ 2 మంచి వస్తువే. పాత స్విచ్ ఉన్నవారు తొందరపడనక్కరలేదు. హాస్టల్‌కు మాత్రం అదే సొమ్ముతో క్యారమ్ బోర్డులు, చదరంగం బల్లలు, వాలీబాల్ సామాను వస్తాయి. అవి అందరి చేతికీ అందుతాయి, పాడైతే మన ఊళ్ళోనే బాగవుతాయి. ఇంకా మిగిలితే ఒక కంప్యూటర్‌కు జమ చేయవచ్చు. దాని మీద ఆట ఆడుకోవచ్చు, ఆట తయారు చేయడమూ నేర్చుకోవచ్చు. మారియో ఎంత ఎత్తు ఎగరాలో, ఎంత వేగంగా కింద పడాలో లెక్కకట్టేది మన గణితం, భౌతికశాస్త్రమే.

ఏ కొత్త వస్తువు వచ్చినా తమ్ముళ్ళు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. కొన్న తరువాత ఇంకా ఎంత ఖర్చు? పాడైతే ఎవరు బాగుచేస్తారు? ఎందరికి ఉపయోగం? ప్రకటనలో ఈ మూడింటికీ జవాబు ఉండదు. మనమే వెతుక్కోవాలి.