గాజుల లక్ష్మీనరసు శెట్టి

ఇప్పుడు మన ఊరి సమస్యను శాసనసభ్యునికి చెప్పుకుంటాం. ఓట్లే లేని రోజుల్లో జనం ఎవరితో చెప్పుకునేవారు? ఆ రోజుల్లో ఒక తెలుగు వర్తకుడు ఏం చేశాడో ఈ పాఠంలో చదవండి.

గాజుల లక్ష్మీనరసు శెట్టి 1806లో మద్రాసులో పుట్టాడు. తండ్రి సిద్ధులు శెట్టి నీలిమందు, బట్టల వర్తకుడు. కొడుకు కూడా అదే వ్యాపారంలో దిగి బాగా గడించాడు.

అలా గడించిన డబ్బుతో 1844లో 'క్రెసెంట్' అనే ఇంగ్లీషు పత్రిక పెట్టాడు. క్రెసెంట్ అంటే నెలవంక. తెలుగువాడు ఇంగ్లీషులో పత్రిక ఎందుకు నడిపాడని మీకు సందేహం రావచ్చు. పాలించే దొరలు చదవాలి కదా! ఆ పత్రిక ప్రకటనను తమ గెజిట్‌లో వేయడానికి కూడా ప్రభుత్వం ఒప్పుకోలేదు.

1852లో ఆయన మద్రాసు నేటివ్ అసోసియేషన్ అనే సంఘాన్ని స్థాపించాడు. రైతుల బాధలను అర్జీగా రాసి ఆ సంఘం బ్రిటిష్ పార్లమెంటుకు పంపింది. ఆ బాధలు చిన్నవి కావు. శిస్తు కట్టలేని రైతును మెడ వంచి, కాళ్ళకు కట్టి, గంటల తరబడి ఎండలో ఉంచేవారు. వేళ్ళను 'కిట్టి' అనే కొయ్య చట్రంలో పెట్టి నొక్కేవారు. చేసేవారు చాలావరకు మనవాళ్ళే, సర్కారు కింది ఉద్యోగులు.

1853లో డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు మద్రాసు వచ్చాడు. లక్ష్మీనరసు ఆయనను వెంటబెట్టుకుని జిల్లాలు తిరిగి, దెబ్బలు తిన్నవారిని కళ్ళారా చూపించాడు. కాగితం మీద రాసిన దానికంటే ఇది బాగా పనిచేసింది. 1854లో పార్లమెంటులో ఈ విషయం చర్చకు వచ్చింది. విచారణకు ఒక సంఘం వేశారు. హింస జరుగుతున్న మాట నిజమేనని 1855లో ఆ సంఘం నివేదిక ఇచ్చింది.

1863లో ప్రభుత్వం లక్ష్మీనరసును మద్రాసు శాసనమండలి సభ్యునిగా నియమించింది. నియమించింది అన్న మాట గమనించండి. అప్పట్లో ఎన్నికలు లేవు. సభ్యులు బడ్జెట్ మీద చర్చించడానికి గాని, ప్రశ్నలు వేయడానికి గాని వీలు లేదు. మండలి బయట ఉండి ఆయన సాధించినదే ఎక్కువ అనిపిస్తుంది.

పత్రికకు, సంఘానికి డబ్బు నీళ్ళలా ఖర్చయింది. ఒకప్పటి ధనిక వర్తకుడు 1868లో పేదవాడిగా కన్నుమూశాడు.